గడప ఎక్కడుంది?

రెజైనా నుంచి మాట్లాడుతున్నాను.

కిందటి శీతాకాలంలో హైదరాబాదులో మా పెద్దమ్మకి రేడియేషన్ చికిత్స జరిగింది. ఫోన్లో ఆవిడ నన్నో ప్రశ్న వేసింది. "ఏరా, యంత్రం కింద పడుకోబెడతారు, గుర్రుమంటుంది, లేవమంటారు. ఒంట్లోకి ఎంత పోయిందో వీళ్ళకెలా తెలుస్తుంది?" అప్పటికేదో చెప్పి తప్పించుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఒక జవాబు నేను మాస్టర్స్‌లో విసుక్కుంటూ చదివిన పాఠంలోనే ఉంది. ఇవాళ ఆ కథ చెబుతాను.

మన ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండే మాస్ ట్రాన్సిస్టరు కొళాయిలాంటిది. గేటు మీద వోల్టేజి పెంచుతూ పోతే ఒకచోట కరెంటు పారడం మొదలవుతుంది. ఆ వోల్టేజిని థ్రెషోల్డ్ వోల్టేజి అంటారు. అంటే గడప. చిక్కేమిటంటే, ఇది మన ఇంటి గడపలా అడ్డంగా కనబడేది కాదు. ఏటవాలు ఒడ్డులాంటిది. నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో చూపించమంటే ఒక్కొక్కరు ఒక్కోచోట వేలు పెడతారు.

ల్యాబులో నేనూ, నా రూమ్మేటూ ఒకే ట్రాన్సిస్టరును కొలిచి రెండు వేర్వేరు అంకెలు తెచ్చాం. నేను గ్రాఫులో బాగా నిటారుగా ఉన్నచోట స్పర్శరేఖ గీసి, దాన్ని కింది అక్షం దాకా దించాను. అతను ఫలానా కరెంటు వచ్చినప్పుడు గేటు మీద ఎంత వోల్టేజి ఉందో రాసుకున్నాడు, అంతే. అతనిది బద్ధకస్తుల పద్ధతని వెక్కిరించాను కూడా.

ఈ ట్రాన్సిస్టరు ఆలోచనకు తొలి పేటెంటు దరఖాస్తు పడింది మన కెనడాలోనే! జూలియస్ లిలియన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1925 అక్టోబరులో ఇక్కడ దాఖలు చేశాడు. కాగితం మీది ఆ ఊహ పనిచేసే మాస్ ట్రాన్సిస్టరుగా మారింది 1959లో, బెల్ ల్యాబ్స్‌లో అటల్లా, కాంగ్‌ల చేతిలో. తీరా చేశాక గడప నిలకడగా ఉండలేదు. ఇవాళ కొలిచిన అంకె రేపుండేది కాదు. ఆక్సైడు పొరలో చేరిన సోడియమే, అంటే మన ఉప్పులో ఉండేదే, అటూ ఇటూ కదిలి గడపను జరుపుతోందని 1965లో ఫెయిర్‌చైల్డ్ పరిశోధకులు తేల్చారు.

తర్వాత తర్వాత, మనిషి గ్రాఫు గీయనక్కర్లేకుండా చిప్పే తన గడపను చెప్పే సర్క్యూట్లు వచ్చాయి. 1992లో జెన్‌హువా వాంగ్ ప్రచురించిన సర్క్యూటు వీటిలో పేరున్నది. కిటుకు సులువే. ఒకే కరెంటును ఒక ట్రాన్సిస్టరుకీ, దానికి నాలుగింతల వెడల్పున్న మరోదానికీ పంపండి. వర్గ సూత్రం ప్రకారం వెడల్పుదానికి గడప పైన కావలసిన వోల్టేజి సగమే. గడప 0.7 వోల్టులు అనుకోండి. మొదటిది 1.1 చూపిస్తే రెండోది 0.9 చూపిస్తుంది. రెండోదాన్ని రెట్టింపు చేసి మొదటిది తీసేయండి: 1.8 లోంచి 1.1 పోతే 0.7. మన గడప దొరికింది! మరీ చిన్న ట్రాన్సిస్టర్లలో మాత్రం ఈ వర్గ సూత్రం సరిగ్గా పనిచేయదు. అలాంటివాటి గడపకు సమీకరణాలు రాసినవారిలో మన తెలంగాణకు చెందిన మామిడాల జగదీశ్ కుమార్ గారొకరు. ఆయన 1991 నుంచి 1994 దాకా ఇక్కడి వాటర్‌లూ విశ్వవిద్యాలయంలోనే పనిచేశారు.

ఇక పెద్దమ్మ ప్రశ్న. రేడియేషన్ తగిలితే ఆక్సైడు పొరలో ఛార్జీ చిక్కుకుని గడప జరుగుతుంది. ఉపగ్రహాలు చేసేవాళ్ళకి ఇదో తలనొప్పి. కానీ ఎంత తగిలితే అంత జరుగుతుంది కదా, దాన్నే కొలబద్దగా వాడుకోవచ్చని 1974లో ఆండ్రూ హోమ్స్-సీడిల్ ప్రతిపాదించాడు. రోగి చర్మం మీద చిన్న చిప్పు అంటిస్తారు. చికిత్సకు ముందోసారి, తర్వాతోసారి గడప చదువుతారు. ఎలాగంటే, నియమిత కరెంటు పంపి ఎంత వోల్టేజి కావాలో చూడటమే. అవును, మా రూమ్మేటు పద్ధతే!

ఒంటి వేడికి కూడా గడప కదులుతుంది. అది రేడియేషన్ లెక్కలో కలిస్తే ప్రమాదం. అందుకని ఆటవాలోని థామ్సన్ అండ్ నీల్సన్ వాళ్ళు ఒకే చిప్పు మీద రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి, వాటి గేట్లకు వేర్వేరు వోల్టేజీలు ఇచ్చారు. వేడి రెండింటినీ ఒకేలా కదుపుతుంది, రేడియేషన్ వేర్వేరుగా కదుపుతుంది. తేడా తీస్తే వేడి కొట్టుకుపోయి డోసు మిగులుతుంది. 1994లో ఆటవా పరిశోధకులు దీని పరీక్షా ఫలితాలు ప్రచురించారు. మామూలు అమరికలో సెంటీగ్రేకి దాదాపు ఒక మిల్లీవోల్టు. రోజువారీ చికిత్సలో తరచూ ఇచ్చే 200 సెంటీగ్రేలకి 200 మిల్లీవోల్టులన్నమాట.

మనకు ఉత్తరాన సాస్కటూన్‌లో హెరాల్డ్ జాన్స్, సిల్వియా ఫెడొరుక్ వగైరాలు కోబాల్టు యంత్రంతో తొలి రోగికి చికిత్స చేసింది 1951 నవంబరులో. చికిత్స మొదలుపెట్టడానికి ముందే నెలల తరబడి డోసు కొలతలు తీసుకున్నారు వాళ్ళు. అప్పటికి మాస్ ట్రాన్సిస్టరే లేదు.

మొన్న ఫోను చేసి పెద్దమ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే ఆ చిప్పు పాడవుతూ మనకు లెక్క చెబుతుందన్నమాట" అంది. అంతేనన్నాను. కొన్ని వేల మిల్లీవోల్టులు జరిగాక దాన్ని తీసేసి కొత్తది పెడతారని కూడా చెప్పాను. "అయ్యో పాపం" అంది.

ఉంటాను మరి, సెలవు.