పేరు రాయని జాబితా

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని అనపోలిస్ రేవులో 1981లో ఒక ఫలకం పెట్టారు. 1767లో బానిసల ఓడలోంచి ఆ గట్టున దిగినట్టు చెప్పే కుంటా కింటే అనే ఆఫ్రికా యువకుడి జ్ఞాపకార్థం పెట్టిన ఫలకం అది. రెండు రోజులకే దాన్ని ఎత్తుకుపోయారు. తర్వాత మళ్లీ పెట్టారు. ఒక పుస్తకం వల్ల లోకానికి తెలిసిన పేరు మీద కొందరికి అంత ప్రేమ, కొందరికి అంత పగ.

ఆ పుస్తకం అలెక్స్ హేలీ తన వంశకథ అంటూ రాయగా 1976లో వెలువడిన ‘రూట్స్’. మనకది ‘ఏడు తరాలు’. 1980ల తొలినాళ్లలో సహవాసి కుదించి తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చు వేసింది. ఆ పేరు ఎంత బాగా కుదిరిందో! కుంటా, అతని కూతురు కిజ్జీ, ఆమె కొడుకు చికెన్ జార్జ్, అతని కొడుకు టామ్, టామ్ కూతురు సింథియా, ఆమె కూతురు బెర్తా, బెర్తా కొడుకు హేలీ. లెక్కపెడితే సరిగ్గా ఏడు.

బానిసత్వం గురించిన నవల చదివినందుకు జైలుకు పోయిన మనిషి కూడా అదే మేరీలాండ్‌లో ఉన్నాడు. శామ్యూల్ గ్రీన్ ఒకప్పుడు బానిస, తర్వాత స్వేచ్ఛ పొంది మత బోధకుడయ్యాడు. 1857లో అతని ఇల్లు సోదా చేస్తే, హారియట్ బీచర్ స్టో 1852లో ప్రచురించిన ‘అంకుల్ టామ్స్ కేబిన్’ దొరికింది. ఆ ప్రతి దగ్గర ఉంచుకున్నందుకే పదేళ్ల శిక్ష వేశారు. 1862లో, రాష్ట్రం విడిచి పోవాలన్న షరతు మీద వదిలారు. పుస్తకం ఏం చేయగలదో దానిని చదివినవాళ్ల కంటే చదవనివ్వనివాళ్లకే ముందు తెలుస్తుందని గ్రీన్ కథ చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

గ్రీన్‌కు శిక్ష పడిన నూట ఇరవై ఏళ్లకు, 1977 జనవరిలో ‘రూట్స్’ టీవీలో ఎనిమిది రాత్రులు వరసగా వచ్చింది. చివరి రాత్రి దాదాపు 10 కోట్ల మంది చూశారు. కుంటాను కట్టేసి, టోబీ అన్న కొత్త పేరు అతని నోటితోనే చెప్పించేదాకా కొరడాతో కొట్టే దృశ్యం ఒక తరం మనసులో నిలిచిపోయింది. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లలకు కిజ్జీ అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. తాతముత్తాతల జాడ అడుగుతూ జాతీయ పత్రాగారానికి ఉత్తరాలు వెల్లువెత్తాయి.

అంతలోనే అనుమానాలు మొదలయ్యాయి. గాంబియాలోని జుఫురే గ్రామంలో హేలీకి వంశకథ చెప్పిన పెద్దమనిషి తరతరాల కథకుడేమీ కాదని ఒక బ్రిటిష్ పత్రికా విలేకరి రాశాడు. వంశవృక్షాల పరిశోధకులు వర్జీనియా పత్రాలు తిరగేస్తే, ఓడ రావడానికి ఐదేళ్ల ముందే, 1762లోనే, కుంటాను కొన్నట్టు హేలీ రాసిన యజమానుల దగ్గర టోబీ కనిపించాడు. ‘ది ఆఫ్రికన్’ నవల రచయిత హెరాల్డ్ కోర్లాండర్ దావా వేస్తే, తన పుస్తకంలోకి అందులోని భాగాలు చేరాయని హేలీ ఒప్పుకుని, 1978లో 6,50,000 డాలర్లిచ్చి రాజీపడ్డాడు.

ఇది చిన్న తప్పు కాదు. కల్పన ఎక్కడ మొదలైందో హేలీ ముందే చెప్పి ఉండాల్సింది. తమ వంశం దొరికినంత సంతోషంతో చదివినవాళ్లకు ఆయన ఆ మాట బాకీ ఉన్నాడు. కానీ వాళ్లు దాన్ని నిజమని ఎందుకంతగా పట్టుకున్నారో తెలియాలంటే అమెరికా జనాభా లెక్కలు తెరవాలి. 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే జాబితాలున్నాయి. వాటిలో యజమాని పేరుంటుంది. దాని కింద వరసగా వయసు, ఆడో మగో, ఒంటి రంగు. మనిషి పేరు మాత్రం దాదాపు ఎక్కడా ఉండదు. 1865లో బానిసత్వం రద్దయ్యాక, 1870 లెక్కల్లోనే మొదటిసారి వాళ్లంతా పేర్లతో కనిపిస్తారు. ముత్తవ్వను వెతుక్కుంటూ పోయిన మనవరాలు ఆ ఏడాది దగ్గర ఆగిపోతుంది. అవతల ఉన్నది ‘స్త్రీ, ఇరవై ఏళ్లు, నలుపు’. అలా ఆగిపోయినవాళ్లకు హేలీ పుస్తకం పేర్లిచ్చింది. అవి కాగితం మీద రుజువు కాలేదన్నది నిజం. రుజువు చేసే కాగితమే వాళ్లకు లేకుండా చేశారన్నది అంతకంటే పెద్ద నిజం.

తెలుగు పాఠకులు ఈ వాదాల గోల లేకుండానే కుంటాను అక్కున చేర్చుకున్నారు. దొరల గడీల్లో వెట్టి ఎరిగిన ఊళ్లకు ఆ కథ మరీ దూరపుది కాదు. తెలంగాణలో దొర కూతురు కాపురానికి పోతుంటే సారెతో పాటు ఆడబాపను, అంటే దాసీగా ఉండే పిల్లను, కూడా పంపేవారు. ఆ పిల్లను తల్లి మళ్లీ ఎప్పుడు చూసేదో! పదహారేళ్ల కిజ్జీని తల్లిదండ్రుల కళ్లముందే అమ్మేసే ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా ఇంట్లో తద్దినం పెట్టేటప్పుడు మూడు తరాల పేర్లు చెబుతారు. పెళ్లి సారెలో ఏమేం పెట్టారో, ఏ చీర ఏ రంగుదో చెప్పే పెద్దవాళ్లను కూడా చూశాను. వెంట పంపిన ఆడబాప పేరు అడిగితే, ఎవరికీ గుర్తులేదు.