తాడ్వాయి అడవిలోని రాతి శిలువలు



2016లో ఏర్పడిన భూపాలపల్లి జిల్లాలోనుండి 2019లో ములుగు జిల్లాకు చేరిన తాడ్వాయి అడవి సీమను ఎప్పుడైనను చూచితివా? అచ్చట దామరవాయి గుట్టలమీద పురాతన సమాధులు అనేకములు గలవు. ప్రక్కలకు పలకబండలు నిలిపి, పైన ఒకే పెద్ద బండను కప్పుగా మోపిరి. కొన్నిటి లోపల తొట్టివలె తొలచిన రాయి యున్నది. ఇంత బరువును మానవులు ఎత్తజాలరని తలంచి జనులు వీటిని రాకాసి గుళ్లందురు. కాని కట్టినవారు రాక్షసులు కారు. ఇనుము నెరిగిన మనవంటి మనుష్యులే.

ఆ ప్రాంతమందే కాటాపురమున, ఇట్టి సమాధుల చెంత, ఒకే రాతిలో చెక్కిన శిలువ ఆకారములు కనబడెను. 1868లో ముల్హెరన్ అను దొర వీటిని గూర్చి వ్రాసెను. 1872లో ఫెర్గుసన్ అను పండితుడు తన గ్రంథమున వాటి బొమ్మను ముద్రించి, ఇవి క్రైస్తవుల శిలువలై యుండునని వాదించెను.

ఈ మాట చదివినప్పుడు నా హృదయము ఉప్పొంగెను. మన అడవిలో అంతటి పూర్వకాలమున ప్రభువు నెరిగిన సంఘమొకటి యుండెనా! కాని తరువాతి పరిశోధన ఆ తలంపును నిలువనీయలేదు. గోదావరి లోయలోనే దొంగతోగు వద్ద ఇట్టి రాళ్లే స్త్రీరూపము తెలియునట్లు చెక్కబడి యున్నవి. కాబట్టి మనము శిలువ చేతులనుకొన్నవి మనిషి భుజములు. అవి మృతుల జ్ఞాపకార్థము నిలిపిన మానవ రూపములని నేటి పండితులు తలంచుచున్నారు.

ఇందుకు విచారపడవలదు. సత్యస్వరూపియైన మన ప్రభువునకు పరుల సమాధిరాళ్లతో సాక్ష్యము కూర్చ నవసరము లేదు. ఆ రాళ్లు శిలువలు కాకపోయినను, వాటి వెనుకనున్న దుఃఖము మనదే. యాకోబు సహితము రాహేలు సమాధిమీద స్తంభము నిలిపెనని ఆదికాండము 35వ అధ్యాయము చెప్పుచున్నది.

మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్లుకు పోయి చూడుము. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు 1945 జనవరి 1న నిద్రించి, అచ్చటనే సమాధి చేయబడిరి. ఆయనకు సాక్ష్యము రాయి కాదు, ఆయన పల్లెలలో నాటిన సంఘములు.

జనగామ వైపు పల్లెలో ఒక విధవరాలు నన్నిట్లడిగెను: "అయ్యగారూ, మా ఆయనకు నల్లరాయి వేయించలేకపోతిని. మట్టిదిబ్బ కూడ వానకు కరిగినది. ప్రభువు వచ్చిన దినమున ఆయనను ఎట్లు గుర్తుపట్టును?" నేను చెప్పితిని: "అమ్మా, ప్రభువు రాయి చదివి పిలువడు; పేరెరిగి పిలుచును."

చదువరీ, నీవారి సమాధికి ఈస్టరున సున్నము వేయుము, పూలుంచుము, అది ప్రేమ. అప్పుచేసి రాయి నిలుపవలదు. రాతిని శిలువ చేయునది ఉలి కాదు. దాని క్రింద నిద్రించువారి నిరీక్షణయే.