పాపంపై విజయం (క్రైస్తవ బోధ)

దైనందిన జీవితంలో పాపాన్ని జయించడం గురించిన క్రైస్తవ బోధ. మనిషి సొంత బలంతో పాపాన్ని గెలవలేడని, క్రీస్తుపై విశ్వాసంతో, పరిశుద్ధాత్మ సహాయంతో గెలుస్తాడని దీని సారం. బైబిల్లోని రోమా పత్రిక 6–8 అధ్యాయాలు, గలతీ పత్రిక 5వ అధ్యాయం దీనికి ముఖ్య ఆధారాలు.

హైదరాబాద్‌లో: సిక్కు కుటుంబంలో పుట్టి, 1929లో కెనడాలో క్రీస్తును నమ్మిన భక్తసింగ్ (1903–2000) ఈ నగరంలోని హెబ్రోను అనే ప్రార్థనా మందిరం కేంద్రంగా దశాబ్దాలపాటు పరిశుద్ధ జీవితాన్ని బోధించారు. అక్కడ విశ్వాసులు చాపలపై కూర్చుని ఆరాధించి, ఆ తరువాత ప్రేమవిందులో కలిసి భోంచేసేవారు.

ఆచరణ: ఉదయాన్నే వాక్యపఠనం, ప్రార్థన; ప్రభు సంస్కారంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ముందు ఆత్మపరీక్ష; పాపం ఒప్పుకోలు; మనస్పర్థలున్న సహోదరునితో సమాధానపడటం. శోధన ఎదురైతే బైబిల్లోని యోసేపులా అక్కడినుంచి పారిపోవాలి. అన్యాయంగా తీసుకున్నది బైబిల్లోని జక్కయ్యలా తిరిగి ఇచ్చేయాలి. నగరంలోని కోకాపేట ఐటీ ఉద్యోగికి ఈ బోధ ఫోన్‌లో అశ్లీలానికీ, ఖర్చుల బిల్లులో అబద్ధానికీ, తోటి ఉద్యోగి ప్రమోషన్‌పై అసూయకూ వర్తిస్తుంది.

పడిపోవడం: పాపంలో పడినవారు నిరాశపడనక్కర్లేదు. పాపాన్ని ఒప్పుకున్నవారిని దేవుడు క్షమించి పవిత్రపరుస్తాడని 1 యోహాను 1:9 హామీ ఇస్తుంది.