మచిలీపట్నం బట్ట, లాంకషైర్ మిల్లు

లండన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్ మీదుగా మనలో ఎంతోమంది పనికి పోతుంటాం. ఒకప్పుడది నేతగాళ్ల పేట. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం చేరింది. రానురాను మన అద్దకం బట్టలు ఇక్కడికి దిగాయి. చవక, పైగా రంగు వెలవదు. ఇక్కడి మగ్గాలకు పని తగ్గింది. 1719లో నేతగాళ్లు వీధికెక్కి, ఆ బట్టలు కట్టిన ఆడవాళ్ల మీదపడి చించేశారు. 1721లో పార్లమెంటు చట్టం చేసి, కొన్ని రకాలు తప్ప అద్దకం నూలు బట్టలు కట్టడమే నిషేధించింది. 1774 దాకా అది నడిచింది. అంటే మన సరుకుకు జడిసి తలుపేసుకున్నది అప్పుడు వీళ్లే!

తర్వాత లాంకషైర్ మిల్లులు లేచాయి. తలుపేసుకుందామంటే మన చేతిలో చట్టం లేదు. మన మగ్గాలు మూలపడ్డాయి. మనకు మిగిలిన ఆయుధం ఒకటే: వాళ్ల బట్ట కొనకపోవడం. పొందూరులాంటి ఊళ్ల ఖద్దరుకు విలువొచ్చింది. అప్పటికే కుదేలైన లాంకషైర్‌కు ఆ దెబ్బ కూడా తోడైంది. 1931 సెప్టెంబరులో గాంధీగారు డార్వెన్ వెళ్లి మిల్లు కార్మికులను కలిశారు. పని పోయినవాళ్లు కూడా ఆయన్ను ఆదరించారు.

బలం లేని దేశమైనా ఎదురు నిలవొచ్చు. కానీ ఏ ఒడ్డునైనా ముందు నలిగేది కూలివాడే. సుంకాల గొడవల వార్త వచ్చినప్పుడల్లా మనం అడగాల్సింది ఒకటే: ఎవరి పని పోయింది?