సర్కారు సొమ్ము, ఎవరి సంగీతం?

సంగీతానికి సర్కారు డబ్బు పెట్టదన్న మాట నిజం కాదు. పెట్టింది, పెడుతూనే వుంది. ఆ డబ్బు ఏ గడప దాకా వచ్చి ఆగిపోయిందన్నదే ప్రశ్న. సర్కారు బళ్లలో సంగీత విద్యకు నిధులు కావాలని అడిగే ముందు మనం ఈ చరిత్రను ఒకసారి తిరగేయాల్సి వుంది.

1919లో విజయనగరం రాజు విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టాడు. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామి నాయుడికి వచ్చింది. సంస్థానం సొమ్ముతో మొదలైన ఈ కళాశాల తర్వాత ప్రభుత్వ కళాశాల అయింది. 1952లో హైదరాబాదులోనూ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వచ్చింది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం: వీటికి జీతమిచ్చి గురువుల్ని పెట్టారు, సిలబస్ రాశారు, పరీక్షలు పెట్టి డిప్లొమాలిచ్చారు. తిరుపతిలో దేవస్థానం నాదస్వరానికి, డోలుకు కూడా పాఠశాల నడుపుతోంది. అంటే తరతరాలుగా ఒక కులం చేతిలో వున్న వాద్యాన్ని బడిలో పెట్టి నేర్పడం అసాధ్యమేమీ కాదు. కాకపోతే నాదస్వరం, డోలు గుడిలో మోగేవి. గుడి బయట మోగే డప్పుకు ఆ భాగ్యం పట్టలేదు.

విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఘంటసాల వెంకటేశ్వరరావు ఇంటింటా మధూకరం ఎత్తి కడుపు నింపుకున్న సంగతి మనందరికీ తెలుసు. ఆయన పేదరికం నిజం, పడ్డ కష్టం నిజం. దాన్ని తక్కువ చేయబోవడం లేదు. కానీ అంతే ఆకలితో వున్న మాదిగ పిల్లవాడు ఆ అరుగుల ముందు నిలబడి అన్నం అడగగలిగేవాడా? ఆకలి ఒక్కటే. కులం చూపిన దారులు మాత్రం రెండు.

మృదంగం సంగతే చూడండి. ఆవు, గేదె, మేక తోళ్లు లేకుండా మృదంగం లేదు. ఆ తోలును వాద్యంగా మలిచిన వాళ్లలో ఎక్కువమంది దళితులు, దళిత క్రైస్తవులు. వాళ్ల చరిత్రను టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' పేరుతో రాస్తే, 2020లో ఆ పుస్తకావిష్కరణకు ఇచ్చిన అనుమతిని చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కు తీసుకుంది. అది కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శాఖ కింద నడిచే సంస్థ. మన తోలు వేదిక ఎక్కొచ్చు, మన పేరు ఎక్కకూడదన్నమాట.

మన వైపు చరిత్ర వేరు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా దళితవాడల్లో చైతన్యం తెచ్చారు. 1910లో ఇసామియా బజారులో బడి తెరిచారు. పాట, బడి మన ఉద్యమంలో మొదటి నుంచీ జంటగానే నడిచాయి. వాటిని విడదీసింది మనం కాదు.

ఇక డప్పు. తోలు శుభ్రం చేయడం, చెక్క చట్రానికి బిగించడం, మంట సెగకు కాచి శ్రుతికి తేవడం, చావుకో దరువు, జాతరకో దరువు, చాటింపుకో దరువు: ఇదంతా శాస్త్రమే. రాసిపెట్టే అవకాశం లేక నోటితో, చేత్తో బతికించుకున్న శాస్త్రం. నేను చదివిన బడిలో పంద్రాగస్టుకు వాడ నుంచి ఒక పెద్దాయన్ను డప్పు కొట్టడానికి పిలిచేవాళ్లు. గేటు దగ్గర కొట్టి వెళ్లిపోయేవాడు. ఆయన మనవడు లోపల మా వరసలోనే నిలబడి తల దించుకునేవాడు. మనవడికి తాత విద్య సిగ్గుగా కనిపించిందంటే ఆ పాఠం నేర్పింది బడే.

ఇక్కడ మనవాళ్లే వేసే ప్రశ్న ఒకటుంది. డప్పు వెట్టికి గుర్తు కదా, దొర ఎదురొస్తే కొట్టాలి, చావుకు కొట్టాలి, కొట్టనంటే దెబ్బలు తినాలి, అలాంటిదాన్ని మళ్లీ మన పిల్లల మెడలో వేస్తారా అని. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నారు. మన వూళ్లలోనూ ఎంతోమంది డప్పు కింద పెట్టేశారు. అది ఆత్మగౌరవ పోరాటమే. అయితే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగలు తమ ఉద్యమానికి పెట్టుకున్న పేరు దండోర. ఊరి పెద్దల కోసం కొట్టిన చాటింపు తమ హక్కుల చాటింపు అయింది. అవమానం డప్పులో లేదు. ఎవరు కొట్టమంటే ఎవరు కొట్టాలన్న కట్టుబాటులో వుంది. ఆ కట్టుబాటు తెగాలంటే డప్పు అందరి పిల్లలకూ పాఠం కావాలి, నేర్పేవాడికి జీతం రావాలి. రెడ్డిగారి అబ్బాయి, కోమటి అమ్మాయి, మాదిగ పిల్ల ఒకే వరసలో నిలబడి దరువు నేర్చుకున్న రోజున అది కులవృత్తి కాదు, విద్య.

చట్టం మన పక్షానే వుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వందమందికి పైగా పిల్లలుంటే కళావిద్యకు బోధకుడు వుండాలి. అదీ పార్ట్‌టైమ్ అని రాశారు. ఆ పార్ట్‌టైమ్ మనిషి కూడా లేని బళ్లెన్నో. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పేరుతో ప్రభుత్వం వందలాది మంది కళాకారుల్ని జీతమిచ్చి పెట్టుకుంది, వాళ్ల చేత ప్రభుత్వ పథకాల మీద పాటలు పాడించింది. డిప్లొమా అడ్డం రాకుండా ప్రజా కళాకారులకు జీతం ఇవ్వొచ్చని దీనితో తేలిపోయింది. పథకాలకు ఇచ్చిన జీతం పాఠాలకు ఎందుకివ్వరు?

కాబట్టి ఉత్త 'సంగీతానికి నిధులు' అని అడిగితే చాలదు. అలా అడిగితే పోస్టులొస్తాయి, డిప్లొమా వున్నవాళ్లకే వస్తాయి.  మనం అడగాల్సింది స్పష్టంగా అడగాలి. పూర్తికాలపు పోస్టులు కావాలి. చేతి నైపుణ్యాన్నే అర్హతగా లెక్కించాలి. బడికి కొనే వాద్యాలను వాటిని తయారుచేసే చేతుల నుంచే సరైన ధరకు కొనాలి. వచ్చే పోయే మంత్రులకు స్వాగతం పలకడానికి పిల్లల చేత డప్పు కొట్టించకూడదు, ఎందుకంటే అది మళ్లీ వెట్టే.

గేటు దగ్గర కొట్టి వెళ్లిపోయిన ఆ పెద్దాయన బడి లోపలికి రావాలి. హాజరు పట్టీలో ఉపాధ్యాయుడిగా సంతకం పెట్టి రావాలి.