గ్రోవనర్ నౌక కడపటి యాత్ర

ఓడ మునిగినచోట బంగారమున్నదని వింటే మనుష్యులకు నిద్రపట్టదు. దక్షిణాఫ్రికా తూర్పుతీరాన, పోండోలాండు రాళ్ల మధ్య పగిలిపోయిన గ్రోవనర్ అనే వర్తకనౌక విషయంలో ఇదే జరిగినది. మొగలు చక్రవర్తుల నెమలి సింహాసనం అందులో ఉన్నదని ఒక వదంతి పుట్టినది. ఇరవయ్యవ శతాబ్దిలో ఆ నిధికోసం సంఘాలు ఏర్పడినవి. సముద్రం అడుగున సొరంగం సైతం త్రవ్వబూనారు. నిజానికి ఆ ఓడ పుట్టకమునుపే, 1739లో, నాదిర్షా ఆ సింహాసనాన్ని పారసీకానికి తరలించుకొని పోయాడు. కనుక మేము ఈనాడు శ్రోతలకు చెప్పదలచినది బంగారపు కథ కాదు. ఆ ఓడలోని మనుష్యుల కథ.

గ్రోవనర్ 1770లో థేమ్సు నదిలో జలప్రవేశం చేసినది. ఈస్టిండియా కంపెనీ సరకులు మోసే మూడు స్తంభాల తెరచాప ఓడ అది. 1782లో చెన్నపట్టణం నుండి ఇంగ్లండుకు తిరుగు ప్రయాణమైనది. ఆనాటికి చెన్నపట్టణానికి కట్టిన రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసుకొని నిలిచేవి. మేకులు లేకుండా కొబ్బరితాళ్లతో కుట్టిన మసూలా పడవలు ప్రయాణికులను అలల మీదుగా ఓడకు చేర్చేవి. గ్రోవనర్ త్రికోణమలై చేరి, జూన్ 13వ తేదీన అక్కడనుండి తెరచాపలెత్తినది. అందులో సుమారు 150 మంది ఉన్నారు. వారిలో ఆంగ్లేయ నావికులు, దొరలు, దొరసానులు, ఆరుగురు పిల్లలు, వారి ఆయాలు, లస్కర్లని పిలువబడిన మన దేశపు ఓడ కళాసీలు ఉన్నారు.

నడిసముద్రంలో ఓడ ఉత్తర దక్షిణాలుగా ఎక్కడ ఉన్నదో సూర్యుని ఎత్తునుబట్టి తెలుస్తుంది. తూర్పు పడమరల లెక్క అంత సులభం కాదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనుక, బయలుదేరిన ఊరి కాలాన్ని తప్పక చూపే గడియారం ఉంటే ఆ లెక్క తేలుతుంది. అట్టి గడియారాన్ని హారిసన్ అనే ఆంగ్లేయుడు అప్పటికే నిర్మించాడు. కాని వర్తకనౌకలలో అది ఇంకా అరుదు. వేగాన్ని అంచనా వేసి, రోజులతో గుణించి దూరం కట్టడమే వాడుక. ఆ లెక్క ప్రకారం కప్తాను కాక్సన్, తీరం ఇంకా దాదాపు 300 మైళ్ల దూరాన ఉన్నదని నమ్మాడు.

ఆగస్టు 4వ తేదీ తెల్లవారుజామున కాపలా నావికునికి ఎదుట నేల కనబడినది. అతని మాటను పై అధికారి లెక్కచేయలేదు. కప్తానుకు కబురందేసరికి ఆలస్యమైపోయినది. ఓడ రాళ్లకు కొట్టుకొన్నది. వెనుకభాగం విడిపోయి గట్టువైపు కొట్టుకొని రావడంవల్ల చాలామంది బ్రతికి, మొత్తం 123 మంది ఒడ్డుచేరారు.

అసలు విషాదం అక్కడనే మొదలైనది. పదహారు, పదిహేడు దినాలలో కాలినడకను డచ్చివారి కేపు వలసను చేరగలమని కప్తాను ధైర్యం చెప్పాడు. దారిలో పెద్ద నదులు అడ్డువచ్చినవి. స్థానికులు కొన్నిచోట్ల పాలూ మాంసమూ ఇచ్చారు. కొన్నిచోట్ల రాళ్లు రువ్వారు. కొన్నాళ్లకు బలవంతులు ముందుకు సాగిపోయారు. స్త్రీలు, పిల్లలు, రోగులు వెనుకబడ్డారు. లా అనే ఏడెనిమిదేండ్ల బాలుని మాత్రం ఓడ వంటశాల అధికారి ఒకడు విడువలేదు. తన తిండి పెట్టి, చేయిపట్టి నడిపించి, అలసినపుడు ఎత్తుకొన్నాడు. చివరకు ఇద్దరూ దారిలోనే కన్నుమూశారు. 1853లో చార్లెస్ డికెన్స్ తన వ్యాసమొకదానిలో ఈ ఇద్దరిని తలచుకొన్నాడు.

నవంబరు చివర ఆరుగురు నావికులు డచ్చి రైతుల ఇండ్లకు చేరారు. అప్పుడు ఆంగ్లేయులకూ డచ్చివారికీ యుద్ధం సాగుతున్నది. అయినా కేపులోని డచ్చి గవర్నరు, శత్రుదేశపు అభాగ్యులను వెదకుటకు మనుషులను పంపాడు. వారు ముగ్గురు నావికులను, ఏడుగురు కళాసీలను, ఇద్దరు ఆయాలను కనుగొని తెచ్చారు. కప్తాను గాని, దొరసానులు గాని, పిల్లలు గాని కేపు ముఖం చూడలేదు.

ఒడ్డెక్కిన 123 మందిలో కేపు చేరినవారు 18 మంది. అందులో సగం మంది జీతానికి పనిచేయవచ్చిన కళాసీలు, ఆయాలు. నిధికై వ్రాసిన పత్రాలలో సింహాసనానికి చోటు దొరికినది గాని, వీరికి దొరకలేదు. మునిగిన ఓడ కథ విన్నపుడు, పెట్టెలలో ఏమున్నదని అడుగుటకు ముందు, ఎందరు ఇల్లు చేరారని అడగడం మనకు అలవాటు కావాలి.