కోకొరాక్: మురుగునీటి పొలంలో ఒక ఊరు

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మన కాలనీల వయసెంత? వీధి చెట్లు చాలాచోట్ల ఇంకా నీడ పట్టే ఎత్తుకు రాలేదు. ఈ ప్రాంతానికి పాత కథ లేదనుకునేవాళ్ళు ఒక్కసారి ప్రిన్సెస్ ఫ్రీవే అవతలికి చూడాలి. అక్కడ కోకొరాక్ అనే ఊరుండేది.

1880లలో మెల్‌బోర్న్‌కి బంగారం డబ్బుంది, మురుగుకి దారి లేదు. మరుగుదొడ్ల తొట్లు రాత్రిపూట బండ్ల మీద వెళ్ళేవి, టైఫాయిడ్ మనుషుల్ని తీసుకుపోయేది. ఊరికి ‘స్మెల్‌బోర్న్’ అని వెక్కిరింపు పేరు పడింది. ఇంగ్లండ్ ఇంజనీరు జేమ్స్ మాన్సర్ వచ్చి చూసి దారి చెప్పాడు. 1891లో మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ ఏర్పడింది, దాని ఇంజనీరు విలియం థ్వైట్స్ పని నడిపించాడు. 1897లో మొదటి కనెక్షన్లు ఇచ్చారు. స్పాట్స్‌వుడ్‌లో ఆవిరి ఇంజన్లు మురుగును పైకి తోడితే, బ్రూక్లిన్ నుంచి పెద్ద కాలువలో అది పల్లానికి దానంతటదే వెరిబీలోని బోర్డు మురుగునీటి పొలానికి చేరేది.

అక్కడ పని మనుషులది. వేసవిలో మడికట్లు తెరిచి ఆ నీళ్ళు పొలానికి పెట్టేవారు. నేల ఆరాక గడ్డి లేస్తే పశువుల్ని తోలేవారు. బలిసిన గొడ్లు సంతకెళ్ళేవి. సంతలో ఈ మేత సంగతి ఎంత గట్టిగా చెప్పుకునేవారో మరి!

రోజూ ఉండాల్సిన పని కాబట్టి బోర్డే ఇళ్ళు కట్టించింది. అదే కోకొరాక్. పాల్వంచ, నాగార్జునసాగర్ క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళకి ఆ వాతావరణం వేరే చెప్పక్కర్లేదు. 1950ల నాటికి సుమారు వంద ఇళ్ళు, ఐదువందల జనం, నాలుగు బడులు, టౌన్‌హాలు, ఫుట్‌బాల్ మైదానం, ఈతకొలను. చుట్టూ నగరం మురుగు, మధ్యలో పిల్లల ఈత పోటీలు! నాకు ఈ ఊరి మీద గౌరవం కలిగింది ఇక్కడే.

కార్లొచ్చాయి, వెరిబీ నుంచే డ్యూటీకి వచ్చిపోవడం సులువైంది. 1970లలో ఊరు ఖాళీ అయింది. పొలం మాత్రం ఆగలేదు. వెస్టర్న్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ పేరుతో నేటికీ మెల్‌బోర్న్ మురుగులో దాదాపు సగం శుద్ధి చేస్తోంది. అక్కడి మడుగులకు సైబీరియా నుంచి పక్షులొస్తాయి. శుద్ధిచేసిన నీరు 2005 నుంచి వెరిబీ సౌత్ కూరగాయల తోటలకూ పారుతోంది. అంటే మన వంటింటి కాలీఫ్లవర్‌కీ ఆ పొలానికీ చుట్టరికం ఉండొచ్చు.

కోకొరాక్‌లో ఇప్పుడు మిగిలినవి పాత నీళ్ళట్యాంకు, ఈతకొలను, మరికొన్ని గుర్తులు. ప్లాంటు లోపలికి వెళ్ళాలంటే దాన్ని నడిపే మెల్‌బోర్న్ వాటర్ సంస్థ అనుమతి కావాలి. 1993లో మూసేసిన ఆ పెద్ద కాలువ వెంట వేసిన ఫెడరేషన్ ట్రయిల్‌కి మాత్రం అనుమతి అక్కర్లేదు, హాపర్స్ క్రాసింగ్ దగ్గర సైకిలెక్కితే చాలు.